వాట్సాప్ గ్రూపులో నేర్చుకున్నది వృత్తి శిక్షణగా లెక్కకొస్తుందా?

నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది గానీ, వృత్తి సంస్థ గుర్తించే శిక్షణ గంటల్లోకి రాదు. ఎవరు హాజరయ్యారు, చెప్పింది సరైనదేనా అన్నదానికి గ్రూపులో పూచీ పడేవాళ్లుండరు.

విశాఖలో ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంటునే తీసుకోండి. జీఎస్టీ పోర్టల్ మొరాయిస్తే, ఆఫీసు ద్వారకానగర్‌లో ఉన్నా గాజువాకలో ఉన్నా ముందు అడిగేది గ్రూపులోనే. టెన్షన్ అక్కడే తీరిపోతుంది, సమావేశం దాకా ఆగక్కర్లేదు. అయితే 1949 చట్టంతో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల వృత్తి సంస్థ ఐసీఏఐ, 60 ఏళ్లలోపు ప్రాక్టీసులో ఉన్నవాళ్లను మూడేళ్లకు 120 గంటల శిక్షణ అడుగుతుంది. అందులో కనీసం 60 గంటలు తను గుర్తించిన కార్యక్రమాల్లోనే పూర్తి చేయాలి. మిగతాది సొంత చదువుగా చూపుకోవచ్చు.

ఆన్‌లైన్ అయితే చెల్లదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. సంస్థ పెట్టే ఆన్‌లైన్ తరగతులకూ గంటలు వస్తాయి.