77 లక్షల ఫ్లాటు కోటి ఎలా అవుతుంది?

ప్రశ్న: మేం హన్మకొండ నయీంనగర్‌లో పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో కిరాయికి ఉంటున్నాం, నెలకు 13,000. ఓనర్ ఆ ఇంటిని, పక్క జాగను కలిపి ఒక బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. మూడు నెలల్లో ఖాళీ చేయమంటున్నారు. అలాంటి ఇల్లే ఇప్పుడు చుట్టుపక్కల 16,500 చెబుతున్నారు. నాకు 38 ఏళ్లు, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ను, చేతికొచ్చేది 58,000. నా భార్య ల్యాబ్ టెక్నీషియన్, ఆమెకు 27,000. ఇద్దరు పిల్లలు. 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. హసన్‌పర్తి దగ్గర 2017లో 6 లక్షలకు కొన్న 150 గజాల ప్లాటును ఇప్పుడు 15 లక్షలకు అడుగుతున్నారు. 50 నెలల 5 లక్షల చిట్టీ ఇంకా 14 నెలలుంది, ఎత్తలేదు. 12 తులాల బంగారం ఉంది, అప్పుల్లేవు. మూడు ఇళ్లు చూశాం. రింగ్ రోడ్డు వైపు కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో 1,540 చదరపు అడుగుల త్రిబుల్ బెడ్‌రూం, అడుగు 5,000. అటువైపే ఇంకో బిల్డర్ ప్రీ లాంచ్‌లో అంతే సైజు ఫ్లాటు, డబ్బంతా ఒకేసారి కడితే 3,900కే, నాలుగేళ్లకు ఇస్తాడట. మూడోది 11 ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో 1,050 అడుగుల డబుల్ బెడ్‌రూం, 36 లక్షలు. ఏది కొనాలి?

జవాబు: పాతదే కొనండి, ప్లాటు అమ్మి కొనండి. ప్రీ లాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాటు, దాని జోలికి అసలే పోవద్దు. కొత్త గేటెడ్ కమ్యూనిటీ చెడ్డదని కాదు, మీ జీతాలకు అది బరువు. ఎంత బరువో లెక్క వేద్దాం.

బ్రోచర్‌లో అడుగు 5,000 చొప్పున 77 లక్షలే కనిపిస్తుంది. కారు పార్కింగ్, క్లబ్‌హౌస్, పై అంతస్తు చార్జీలకు 5 లక్షలు కలపండి, 82 అవుతుంది. కడుతున్న ఇల్లు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 4.10 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, 6.15 లక్షలు. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ ముందే కట్టించుకుంటారు, దానికి 2 లక్షలు పైనే. తాళాలిచ్చినప్పుడు గోడలు, గచ్చు, కిటికీలే ఉంటాయి. వంటింటి కప్‌బోర్డులు, వార్డ్‌రోబ్‌లు, ఫ్యాన్లు, దోమల జాలీలకు పొదుపుగా చేసినా 6 లక్షలు. మొత్తం కూడితే కోటి దాటింది.

మీ జీతాల స్థాయికి బ్యాంకులు మామూలుగా నెల రాబడిలో సగం దాకా ఈఎంఐకి ఒప్పుకుంటాయి. 42,500 ఈఎంఐకి 8 శాతం వడ్డీతో, 20 ఏళ్లకు వచ్చే అప్పు 51 లక్షల లోపే. మిగతా 49 లక్షల పైచిలుకు మీరు తేవాలి. ఎఫ్‌డీ, ప్లాటు, చిట్టీ అన్నీ కలిపినా 29 లక్షలు దాటవు. 20 లక్షలు తక్కువ పడుతుంది. అది నిండాలంటే బంగారం దాకా పోవాలి, ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చినా అప్పే. ఇల్లు చేతికొచ్చేదాకా కిరాయి, బ్యాంకు విడుదల చేసిన సొమ్ముపై వడ్డీ రెండూ కట్టాలి. వచ్చాక అడుగుకు 3 రూపాయల మెయింటెనెన్స్ అంటే నెలకు 4,620.

సైజు విషయంలోనూ మోసపోకండి. 1,540లో లాబీలు, మెట్లు, లిఫ్టులు, క్లబ్‌హౌస్ వాటా పోను తలుపు లోపల నడిచే జాగ 1,080 చుట్టూ ఉండొచ్చు. ఒక లిఫ్టు, ఇరుకు మెట్లు ఉండే పాత అపార్ట్‌మెంట్‌లో 1,050కి 840 దాకా మిగులుతుంది. కాగితం మీద తేడా 490 అడుగులు, కాలి కింద 240 మాత్రమే. ఇది అంచనా. రెండిట్లోనూ టేపు పెట్టి గోడ నుంచి గోడకు కొలవండి. కొత్తదానికి ఈ లోపలి జాగ, అంటే కార్పెట్ ఏరియా, ఎంతో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సైట్‌లోనే ఉంటుంది.

ఇక ప్రీ లాంచ్. 3,900 చొప్పున 60.06 లక్షలు ఇప్పుడే కట్టాలి. నాలుగేళ్ల తర్వాతా ఇక్కడ రేటు 5,000 దగ్గరే ఉందనుకుంటే, మీకు మిగిలేది ఏడాదికి 6.4 శాతం. ఎఫ్‌డీ వడ్డీకి దగ్గర. ఒకటిన్నరేళ్లు ఆలస్యమైతే అదే 4.6 శాతానికి పడిపోతుంది. మామునూరు విమానాశ్రయం వస్తుంది, రేట్లు పెరుగుతాయి అని బ్రోకర్ చెబుతాడు. పెరగొచ్చు కూడా. కానీ ఆ పెరుగుదల మీద పందెం కాస్తున్నది మీ డబ్బుతో. బ్యాంకు ఆ బిల్డర్‌కు ఇవ్వని అప్పు మీరు ఇస్తున్నారు, తాకట్టు కూడా లేకుండా.

రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబరు వచ్చాక కూడా ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, దాన్ని ఆ ప్రాజెక్టు స్థలానికి, కట్టడానికే వాడాలి. నంబరే లేని చోట ఆ ఖాతా ఉండదు, మీ సొమ్ము ఇంకో ఊళ్లో స్థలం కొనడానికి పోయినా మీకు తెలియదు. ‘యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసిస్తాం కదా’ అంటారు. ఖాళీ జాగలో మీకు ముప్పయ్యో నలభయ్యో గజాల విడదీయరాని వాటా రాస్తారు. అది ఏ మూల ఉందో చూపలేరు, విడిగా అమ్ముకోలేరు. అనుమతి రాకపోతే వందమందితో కలిసి ఒక చేనుకు ఓనర్లు అవుతారు, అంతే. అనుమతి లేనిదానికి బ్యాంకు అప్పివ్వదు కాబట్టి ఆ 60 లక్షలు మీరు పర్సనల్ లోన్లతో, చేబదుళ్లతో తేవాల్సిందే.

పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు. ధర 36, రిజిస్ట్రేషన్ 2.70, లాయరు, బ్రోకరు, బ్యాంకు ఫీజులకు 50 వేలు, రిపేర్లకు 1.80. మొత్తం 41 లక్షలు. ప్లాటు 15, ఎఫ్‌డీలోంచి 4 పెడితే అప్పు 22 లక్షలకు దిగుతుంది. 8 శాతం మీద 15 ఏళ్లకు ఈఎంఐ 21,024, మీ రాబడిలో నాలుగో వంతు. మిగిలిన 5 లక్షల ఎఫ్‌డీని కదపకండి. చిట్టీని ఇప్పుడు పాట పాడి ఎత్తకండి. ఎత్తితే పాటలో తగ్గించుకున్నంత సొమ్ము పోతుంది, పైగా ప్రభుత్వ ఉద్యోగుల జామీన్లు తెమ్మని వారాల తరబడి తిప్పుతారు. చివరిదాకా ఉంచితే 5 శాతం కమిషన్ పోను 4.75 లక్షలొస్తాయి. ఆ సొమ్మంతా అసలులో కట్టేయండి, ఫ్లోటింగ్ వడ్డీ అప్పుకు ముందే కట్టినందుకు జరిమానా లేదు. అప్పటికి ఇంకా 166 నెలలు కట్టాల్సింది సుమారు 110కి దిగుతుంది.

హోమ్ లోన్‌తో పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా మీకెలాగూ పన్ను పడదు, సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి అందులో మినహాయింపూ లేదు. పీఎం ఆవాస్ వడ్డీ రాయితీకి కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు, మీది దాటింది.

ప్లాటు మీద మాత్రం పన్ను సంగతి ఉంది. 9 లక్షల లాభంపై 12.5 శాతం, సెస్ కాకుండా 1,12,500. కానీ అమ్మగా వచ్చిన మొత్తం సొమ్మును రెండేళ్లలోపు ఇల్లు కొనడానికి పెడితే ఆ పన్ను ఉండదు. ప్లాటు ఎవరి పేరున ఉందో ఫ్లాటు దస్తావేజులోనూ వారి పేరు ఉండాలి. కొనేవాళ్లు ‘ప్రభుత్వ విలువకు రాసుకుందాం, మిగతాది నగదు’ అంటే ఒప్పుకోకండి. స్థిరాస్తికి 20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు, ఆ నగదును బ్యాంకు మీ వాటాగా లెక్కించదు కూడా. అనుమతి లేని లేఅవుట్ ప్లాటైతే 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు (లేఅవుట్ క్రమబద్ధీకరణకు) పెట్టారో లేదో చూసుకోండి. అది తేల్చకుండా అమ్మబోతే బేరంలో మీదే కింది చెయ్యి.

పాత ఫ్లాటును పగలు ఒకసారి, గట్టి వాన తర్వాత ఒకసారి చూడండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా చుట్టూ, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో నీళ్లెక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లు గోడ మీద చేత్తో చూపిస్తారు. బాత్రూం లీకవుతోందా అన్నది ఆ ఫ్లాటులో తెలియదు, కింది ఫ్లాటు బాత్రూం సీలింగ్‌లో తెలుస్తుంది. బాత్రూం కింద పల్లపు శ్లాబులో వాటర్‌ప్రూఫింగ్ పదేళ్లకు వదిలేస్తుంది, తెల్లటి ఉప్పు మరకలు కనిపిస్తాయి. అది సరిచేయాలంటే టైల్స్ పూర్తిగా పగలగొట్టాల్సిందే, ఒక్కో బాత్రూంకు 60–70 వేలు ధరలో తగ్గించమనండి. కింద పార్కింగ్‌లో సంపు పక్కనున్న స్తంభాలు చూడండి. ప్లాస్టర్ మీద సన్న గీతలుంటే పర్వాలేదు. స్తంభం పొడవునా నిలువు పగులు, తుప్పు రంగు మరక ఉంటే లోపల ఇనుము ఉబ్బుతున్నట్టు. అలాంటిది కొనకండి, ఎంత తగ్గించినా.

కాగితాల్లో 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పత్రం), లింకు దస్తావేజులు (పాత అమ్మకాల పత్రాలు), మంజూరైన ప్లాన్ లాయరుకు ఇవ్వండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, అక్కడ ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి, పెంట్‌హౌస్ చాలాచోట్ల ప్లాన్‌లో ఉండదు. యూడీఎస్ గజాలు, పార్కింగ్ నంబరు దస్తావేజులో రాయాలి. ఆస్తి పన్ను, నల్లా బిల్లు, అసోసియేషన్ బాకీల రసీదులు అడగండి. ముందు జిరాక్సులు, లాయరు అభిప్రాయం, బ్యాంకు వాల్యుయేషన్. ఆ తర్వాతే అడ్వాన్సు, అదీ లక్ష దాటకుండా. బ్యాంకు లీగల్‌లో తిరస్కరిస్తే అడ్వాన్సు పూర్తిగా వాపసు అని, గడువు 90 రోజులని ఒప్పందంలో రాయించండి. ఆ 90 రోజుల్లో మీ ప్లాటు అమ్ముడుపోవాలి కాబట్టి ప్లాటు బేరం ఈ వారమే మొదలుపెట్టండి.

ఇదంతా మూడు నెలల్లో అవుతుందనుకోను, నాలుగైదు పడుతుంది. మధ్యలో రెండుసార్లు సామాను మోయడం కన్నా ఇప్పుడున్న ఓనర్‌నే గడువు అడగండి. డెవలప్‌మెంట్ ఒప్పందం అయినంత మాత్రాన రేపే పలుగు పడదు, బిల్డర్‌కు ప్లాన్ మంజూరు కావాలి. అది వచ్చిందా అని అడగండి, రాకపోతే వచ్చేదాకా ఉంటామని, కావాలంటే 15,000 కిరాయి ఇస్తామని చెప్పండి. ఖాళీ ఇంటికన్నా ఆయనకూ అదే మేలు.