సేవకు వెళ్లాలనుంది, ఎక్కడికని వెళ్లను?

ప్రశ్న: నమస్తే అండీ. ఉద్యోగం చేస్తున్నాను. సేవ చేయాలని ఎప్పటినుంచో ఉంది, చేస్తున్నాను కూడా, కానీ ఓ నెల వృద్ధాశ్రమం, ఓ నెల మొక్కలు నాటడం, ఆ తర్వాత చాలాకాలం ఏమీ ఉండదు. ఎవరు పిలిస్తే వాళ్లతో వెళ్తాను, ఒకేసారి నలుగురు పిలిస్తే టెన్షన్ పడి ఎక్కడికీ వెళ్లను. రెండు మూడు సంస్థలతో కలిసి క్రమం తప్పకుండా చేయడం కుదురుతుందా, లేక ఒక్కదానికే కట్టుబడి ఉండాలా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: కుదురుతుందండీ. కాకపోతే ఏ పని ఎన్నిచోట్ల చేయొచ్చన్నది, ఆ పనిలో మీ ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చదువు చెప్పించుకునే పిల్లలో, నాలుగు మాటల కోసం ఎదురుచూసే పెద్దవాళ్లో ఉంటే, అలాంటి పని ఒక్కటే పెట్టుకోండి, దాన్ని మాత్రం వదలకండి. పంచాల్సిన పుస్తకాలు, సర్దాల్సిన బట్టల మూటలు, నాటాల్సిన మొక్కలు అయితే ఎన్ని సంస్థలకైనా వెళ్లండి, ఒక వారం మీరు రాకపోతే పని కాస్త ఆలస్యమవుతుంది, ఎవరి మనసూ విరగదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. కుటుంబానికి దూరంగా హోముల్లో పెరిగే పిల్లల దగ్గరికి వచ్చిపోయే వాలంటీర్ల గురించి పిల్లల హక్కుల కోసం పనిచేసేవాళ్లు చాలా ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. ఎవరో వచ్చి ఆడించి, దగ్గరై, మళ్లీ కనబడకుండా పోతారు, ఆ తర్వాత ఇంకొకరు అదే చేస్తారు, అప్పటికే ఒకసారి అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లలకు అది చాలా పెద్ద దెబ్బ. అందుకే మంచి సంస్థలు ముందే ఇన్ని నెలలు వస్తామని మాట తీసుకుంటాయి, మన వివరాలు తనిఖీ చేస్తాయి. ఏమీ అడగకుండా మొదటిరోజే పిల్లల మధ్యకు పంపే చోటికి నేనైతే వెళ్లను.

తీరికను బట్టి చేసే పనులు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. 2015లో మొదలైన బీ మై ఐస్ యాప్‌లో చూపులేనివాళ్లు వీడియో కాల్ చేసి ఈ డబ్బా మీద ఏముందో చదివి చెప్పమని అడుగుతారు. మీరు ఎత్తకపోతే ఆ కాల్ వేరే వాలంటీరుకు వెళ్తుంది, కాబట్టి కాల్ తప్పిందని బాధపడనక్కర్లేదు. ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు సరిచూడటం రాత్రి పదకొండింటికైనా చేసుకోవచ్చు. చూపులేని విద్యార్థులు చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌గా పరీక్షకు వెళ్లడం మాత్రం అలా కాదు, ఒప్పుకున్నాక ఆ ఉదయం మీరు వెళ్లకపోతే ఆ విద్యార్థి పరీక్షే పోతుంది. రక్తం ఇచ్చే అలవాటుంటే ప్లేట్‌లెట్లు ఇవ్వడం గురించి కూడా బ్లడ్ బ్యాంకువాళ్లను అడగండి. ఎర్ర రక్తకణాలను దాదాపు ఆరు వారాలు నిల్వ ఉంచవచ్చు, ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులే ఉంటాయి, అందుకే ఒక్క పెద్ద శిబిరం కన్నా ఏడాది పొడవునా వచ్చే దాతలే వాళ్లకు ఎక్కువ అవసరం.

ఇక క్రమం గురించి. వారంలో ఒకే రోజు, ఒకే సమయం పెట్టుకోండి, రెండు గంటలు చాలు, తీరిక దొరికినప్పుడు అనుకుంటే మాత్రం ఆ తీరిక రాదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ చేసే చిన్న పని అలవాటుగా మారడానికి అటూఇటుగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. మీది వారానికోసారి చేసే పని కాబట్టి ఇంకా ఓపిక పట్టాలి, ఒక వారం తప్పిందని మొత్తం మానేయకండి. మాట ఇచ్చే ముందు రెండు మూడుసార్లు వెళ్లి చూడండి, నేను రాని రోజు ఈ పని ఎవరు చేస్తారని అడగండి. కొత్తగా ఎవరైనా పిలిస్తే, ఈ నెల కుదరదు, వచ్చే నెల ఫలానా వారం వస్తాను అని వెంటనే చెప్పేయండి. సరేనని రాకపోవడం కన్నా ఆ మాటే సంస్థవాళ్లకు ఎంతో మేలు, వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

ప్రశ్న: శనివారం సేవకు వెళ్తుంటే, ఇంట్లో ఉండేదే రెండు రోజులు, అదీ బయటివాళ్లకేనా అని మావాళ్లు అంటున్నారు. ఏం చెప్పాలి? (ఒక పాఠకుడు)

జవాబు: వాళ్లు అడిగేది న్యాయమేనండీ. ఏ రోజు, ఏ సమయం అన్నది మీరు ఒక్కరే నిర్ణయించేసి చెబితే ఎవరికైనా కోపం వస్తుంది, వాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్ల చేతే పెట్టించండి. పుస్తకాలు సర్దడం, మొక్కలు నాటడం లాంటివాటికి పిల్లలను కూడా తీసుకెళ్లొచ్చు, ఇష్టమైతేనే.

ప్రశ్న: రిటైరయ్యాను. జీవితమంతా లెక్కలు చూసినవాణ్ని. సంస్థకు వెళ్తే కుర్చీలు వేయమంటున్నారు. నా అనుభవం వృథాయేనా? (ఒక పాఠకుడు)

జవాబు: కుర్చీలు కూడా ఎవరో ఒకరు వేయాలి సార్, కానీ మీ అనుభవం గురించి వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు, అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. చిన్న సంస్థల్లో రశీదులు, దాతలకు ఇవ్వాల్సిన లెక్కలు, ఆడిట్ కాగితాలు చూసేవాళ్లు లేక ఎంత అవస్థ పడతారో! అమెరికాలో 51 ఏళ్లు పైబడినవాళ్ల మీద చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాదికి 200 గంటలకు పైగా సేవ చేసినవాళ్లలో కొత్తగా బీపీ వచ్చినవాళ్లు తక్కువగా కనిపించారు. సేవ వల్లే తగ్గిందని అది రుజువు చేయదు, కానీ వారానికి నాలుగు గంటలు మీకు భారం కాదు. రెండు చిన్న సంస్థలను ఎంచుకోండి, ఒక్కోదానికి రెండు గంటలు. ఏడాది లెక్కలు మొదటినుంచి చివరిదాకా చూస్తూ, అక్కడున్న ఒక కుర్రవాణ్నో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి, మీరు ఊరెళ్లినా పని ఆగదు.