సెలవుల్లో వచ్చే వరద

అంబర్‌పేట, హైదరాబాద్

చిరంజీవి మహేష్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

మూసీ ఒడ్డు బస్తీల పిల్లలు చదివే హైస్కూల్లో పోస్టింగ్ వచ్చిందని, గోడ మీద నీటి చార ఇంకా కనిపిస్తోందని, రంగు వేయించాలంటే ఎవరిని అడగాలని ఫోన్‌లో అన్నావు. రంగు సంగతి మీ హెడ్‌మాస్టర్ చూసుకుంటారులే. నీకు వేరే పని చెప్తాను, వానలు ముదరకముందే మొదలుపెట్టు.

మన దగ్గర పెద్ద వరదకు, బడి సెలవులకు ఏదో పొత్తు ఉంది. 1908లో మూసీ ఊరిని ముంచింది సెప్టెంబర్ 28న, అంటే దసరా రోజుల్లోనే. 2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోత కురిసేనాటికి కరోనా వల్ల బడులన్నీ మూతబడి ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 26, 27 తేదీల్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చి, మూసీ ఒడ్డున ఉన్న మూసానగర్ వాళ్లను ఖాళీ చేయించినప్పుడు దసరా సెలవులు. దాంతో హాజరు పట్టీలో ఏ జాడా ఉండదు. బడి తెరిచాక కొందరు రారు. పండగకు ఊరెళ్లారేమో, వస్తార్లే అనుకుంటాం. దీపావళి దాకా అదే అనుకుంటాం. పిల్లలు జారిపోయేది ఆ సందులోనే.

ఇల్లు మునిగినవాళ్లు సహాయ క్యాంపులో నాలుగు రోజులుంటారు. తర్వాత చుట్టాలింటికో, అద్దె తక్కువున్న శివారు గదికో, లేదంటే పాలమూరు వైపు సొంతూరికో పోతారు. సామానుతో పాటు పిల్లాడు కదులుతాడు, బడి మారడానికి కావాల్సిన టీసీ కదలదు.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల నంబరుతో పాటు బస్తీ బయట ఉండే మనిషి నంబరు ఒకటి రాయి. ఊళ్లో అమ్మమ్మదో, మేనమామదో. నాన్న ఫోన్ నీళ్లలో పోతుంది, రీచార్జ్ అయిపోతుంది. అమ్మమ్మ నంబరు మారదు. 2020లో పాఠాలు టీవీలో, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో వచ్చేవి. టీవీ, ఫోన్ తడిసిన ఇంట్లో పాఠం కూడా ఆగింది, పిల్లల్ని పట్టుకునే దారీ పోయింది. ఆ నోట్‌బుక్‌ను బడి బీరువాలో పెట్టకు, నీ దగ్గరే ఉంచుకో. అడ్మిషన్ రిజిస్టర్‌ను మాత్రం పై అంతస్తుకు చేర్చమని హెడ్‌మాస్టర్‌తో ఇప్పుడే చెప్పు.

క్యాంపు డ్యూటీ వేస్తే తప్పించుకోవాలని చూడకు. జనాభా లెక్కలు, ఎన్నికలతో పాటు విపత్తు సహాయానికి టీచర్లను పంపొచ్చని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లోనే ఉంది, తిట్టుకుని లాభం లేదు. పైగా ఏ కుటుంబం ఎటు వెళ్తోందో తెలిసేది అక్కడే. బియ్యం పంచే లైనులో నిలబడి నోట్‌బుక్ నింపుకో.

"కాయితాలన్నీ కొట్టుకుపోయాయి సార్, ఇప్పుడెవరు చేర్చుకుంటారు" అని అడుగుతారు. అదే చట్టం చెప్పు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు (సెక్షన్ 5). వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు (14). విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి (15). అయినా కొత్త బడి హెడ్‌మాస్టర్ కంప్యూటర్ పేరు తీసుకోవట్లేదంటారు. చాలాసార్లు అది మన తప్పే, ఆన్‌లైన్‌లో పిల్ల ఇంకా మన బడి పేరునే ఉంటుంది. పెన్ నంబరు (ఆన్‌లైన్‌లో పిల్లకు ఉండే శాశ్వత విద్యా సంఖ్య), తరగతి, మీడియం, బడి ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, ముద్ర వేయించి తల్లి చేతికివ్వు. కొత్త బడి నుంచి ఫోనొస్తే ఆ రోజే ఆన్‌లైన్‌లో మన బడి నుంచి పేరు వదిలించు. ఎక్కడో చేరిందని తేలేదాకా మాత్రం పేరు కొట్టేయనివ్వకు. ఉర్దూ మీడియం పిల్లలైతే మరీ జాగ్రత్త. పాతబస్తీ దాటితే ఆ మీడియం అన్నిచోట్లా ఉండదు. కుటుంబం గది వెతుక్కోకముందే దగ్గర్లో ఏ బడి ఉందో కనుక్కుని చెప్పు.

మునిగిన ఇంకో చోటు నుంచి నీ క్లాసుకే ఎవరైనా వస్తే ఆ మధ్యాహ్నమే భోజనం పెట్టించు. యూనిఫాం ఊసెత్తకు.

నా భయమంతా తొమ్మిది, పది తరగతుల గురించి. చట్టం పద్నాలుగేళ్ల దాకానే. ఆ పైన మగపిల్లాడు ఇంటి అప్పు తీర్చడానికి పనికి పోతాడు, ఆడపిల్ల బురద కడుగుతూ, చిన్నవాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. అడిగేవాళ్లుండరు. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు కూడా నవంబర్ అటూ ఇటుగానే పడుతుంది, ఇల్లు ఇంకా ఆరకముందే. ఫీజు కట్టి, నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, పేరు ఉందంటే పిల్ల మార్చిలో ఏ ఊరి నుంచైనా వచ్చి పరీక్ష రాస్తుంది. కాబట్టి ఫోన్లు చేయడం పదో తరగతితోనే మొదలుపెట్టు. చిన్న తరగతులకు తర్వాతైనా టైముంటుంది.

ఆదివారం వస్తే నా పాత నోట్‌బుక్ చూపిస్తాను, గడులు ఎలా గీసుకోవాలో తెలుస్తుంది. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా లేదా చెప్పు, అడిగితే తను ఎప్పుడూ బాగానే ఉన్నానంటుంది.

మీ పెద్దమ్మ