పాత ఇంటి చరిత్ర రాయబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి చినతాతయ్య ఆశీస్సులు.

వచ్చే వేసవిలో మన ఊరి ఇంటిని విప్పించేస్తున్నారని తెలిసి, ఆలోగా ఆ ఇంటి చరిత్రను, అందులో బతికినవారి చరిత్రను రాసిపెట్టాలని నీవు పూనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే కనుక, ఎక్కడ వెతకాలో, ఎక్కడ పొరబడే ప్రమాదముందో నాకు తెలిసినంత చెబుతాను.

మన ఇల్లు రెండు వందల ఏళ్ళనాటిదని మా నాన్నగారి తరం చెప్పేది. నేనూ అదే మాట అందరికీ చెబుతూ వచ్చాను. అది తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. 1909 నాటి తనఖా దస్తావేజులో సరిగ్గా అవే హద్దుల మధ్య తాటాకుటిల్లు ఉన్నట్టు రాసి ఉంది. వీధి గుమ్మం పైకమ్మి మీద "రాక్షస" అని సంవత్సరం పేరు చెక్కి ఉంది. అరవై ఏళ్ళకొకసారి వచ్చే ఆ సంవత్సరం 1855లో, 1915లో, 1975లో వచ్చింది కనుక, మండువా లోగిలి 1915 ప్రాంతంలో లేచిందని అనుకోవచ్చు. అయితే పాత ఇళ్ళు విప్పినప్పుడు ద్వారబంధాలు, స్తంభాలు కొని వేరే ఇంటికి వాడుకోవడం మామూలే కాబట్టి, ఒక్క గుమ్మాన్ని నమ్మి తేదీ తేల్చకు. పెంకుల అడుగున ఉన్న ముద్రలను కూడా చూడు. మంగళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం పెట్టింది 1865లో. ఆ రకం పెంకు కనిపిస్తే అది కప్పు వయసుకు సాక్ష్యమే గాని గోడల వయసుకు కాదు. గోడలు, కప్పు, గుమ్మం, వంటిల్లు, దేనికి దానికి విడిగా కాలం కట్టాలి.

దస్తావేజుల కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళక తప్పదు. ఈసీలు, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాలు, 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతాయి. అంతకు ముందువాటికి పాత పుస్తకాలలో వెతికించుకోవాలి, దానికి ఓపిక కావాలి. పై అంచు చిరిగి తేదీ పోయిన కాగితాన్ని పారేయకు. అందులో మన అమలాపురం తాలూకా ఉత్త "గోదావరి జిల్లా"లో ఉన్నట్టుంటే అది 1925కు ముందుది. "తూర్పు గోదావరి" అన్న పేరు ఆ ఏడాదే వచ్చింది. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది కనుక, అప్పటి లెక్కల కట్టలు ఇంకా కొందరి అటకల మీదే ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది మనుషుల సంగతి. దస్తావేజుల వెంట నడిస్తే మగవారి చరిత్ర ఒక్కటే వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ 1985 నుంచి గాని అమలు కాలేదు; పాత పంపకాల కాగితాలలో వారి ఊసే ఉండదు. మా మేనత్త పదమూడేళ్ళకే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చి, వంటింటి పక్క చీకటి గదిలో నలభై ఏళ్ళకు పైగా ఉంది. మా అందరికీ అన్నం పెట్టిన ఆ మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. అటక మీది ఇత్తడి గుండిగ అంచున మాత్రం చెక్కించి ఉంది. నేను దాన్ని చూసిన రోజున చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కాబట్టి పాత్రలన్నీ దింపించి, చింతపండుతో తోమించి, ఒక్కొక్క పేరూ రాసుకో. రంగూన్ వెళ్ళి, 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక తిరిగొచ్చిన మా చిన్నాన్న గురించి, పశువుల కొట్టం పక్కన కాపురమున్న పాలేరు కుటుంబం గురించి కూడా రాయాలి. వారు బతికింది ఆ ఇంట్లోనే కదా.

పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు. 1967 పుష్కరాలకు ముందా తర్వాతా, 1986 ఆగస్టు వరదకు వంటిల్లు ఉందా, 1996 నవంబరు తుఫానుకు ఏ వైపు కప్పు ఎగిరిపోయింది అని అడుగు. అప్పుడు కథ దానంతట అదే వస్తుంది. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కనే రాసుకో. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు. మన వాళ్ళకు పరువు తక్కువని తోచిన సంగతిని తీసేయమని ఎవరైనా అడగవచ్చు, బహుశా మీ నాన్నే అడుగుతాడు. బతికి ఉన్నవారికి నొప్పి కలిగే విషయమైతే ఆగు, లేకపోతే ఉంచు.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందుగా రా. కొలత టేపు తెచ్చుకుంటే మండువా, వసారాలు, గాదె గది కొలిచి పటం గీద్దాం. పాలేరు కూతురు ఇప్పుడు చెరువు గట్టు మీది ఇంట్లో ఉంటోంది. పొద్దున్న పూట ఆమెకు ఓపిక ఉంటుంది కాబట్టి, మొదటి రోజు ఉదయమే ఆమె దగ్గరికి వెళదాం.

ఆశీస్సులతో,
నీ చినతాతయ్య