క్షిపణుల కాలంలో ఫిరంగులకు ఇంకా పని ఉందా?

ప్రశ్న: మాది గోపాల్‌పూర్ దగ్గర తెలుగువాళ్ల మత్స్యకార పల్లె. సైన్యం సముద్రం వైపు కాల్పుల సాధన చేసే రోజుల్లో మావాళ్లు వేటకు వెళ్లకూడదు. క్షిపణులు, లేజర్లు వచ్చాక కూడా పాత ఫిరంగులతో ఈ సాధన దేనికండీ? ముందు ముందు వీటి అవసరం తీరిపోతుందా?
– డిగ్రీ విద్యార్థిని, గంజాం జిల్లా

జవాబు: ఆకాశం నుంచి వచ్చే దాడిని నేల మీద నుంచి తిప్పికొట్టే విద్యను నేర్పే సైనిక గగనతల రక్షణ కళాశాల 1989 నుంచి గోపాల్‌పూర్‌లో ఉంది. ఆ విద్య 1870లో, జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం ముట్టడించిన పారిస్ నుంచి బెలూన్లలో తప్పించుకుపోయేవారిపై బండికెక్కించిన క్రుప్ కంపెనీ ఫిరంగులను ఎక్కుపెట్టిన నాటిది. అప్పటి చిక్కే నేటికీ ఉంది: గుండు చేరేలోగా లక్ష్యం చోటు మారుతుంది. మన సైన్యం వాడే ఎల్-70 ఫిరంగి గుండు సెకనుకు సుమారు 1,000 మీటర్ల వేగంతో బయలుదేరినా, గాలి ఒరిపిడికి వేగం తగ్గి, 3 కిలోమీటర్లు పోవడానికి 4 సెకన్ల దాకా పడుతుంది. ఆలోగా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానం మరో కిలోమీటరు ముందుకు వెళ్లిపోతుంది.

ఈ చిక్కును చాలావరకు తీర్చింది సామీప్య ఫ్యూజు. గుండు ముక్కులో అమర్చిన బుల్లి రేడియో, లక్ష్యం నుంచి తిరిగివచ్చే తరంగాలను పసిగట్టి, తగలకపోయినా దగ్గరికి రాగానే గుండును పేలుస్తుంది. 1944లో దక్షిణ ఇంగ్లండు తీరంలో, మనిషి లేకుండా ఎగిరివచ్చే జర్మన్ వీ-1 బాంబులను రాడార్‌తో నడిచే ఫిరంగులు ఈ ఫ్యూజు సాయంతో పెద్ద సంఖ్యలో కూల్చాయి. నేటి దాడి డ్రోన్లకు ఆ వీ-1ను పూర్వీకురాలిగా చెప్పవచ్చు.

తరువాత విమానాలు ఫిరంగులకు అందనంత ఎత్తుకు వెళ్లాయి. 1960 మే 1న సోవియట్ క్షిపణి అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని సుమారు 20 కిలోమీటర్ల ఎత్తులో కూల్చాక ఫిరంగులకు కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు. అయితే క్షిపణులకు భయపడి విమానాలు కిందికి దిగాయి; 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో అలా దిగిన ఇజ్రాయెల్ విమానాల కోసం అరబ్ సైన్యాల నాలుగు గొట్టాల సోవియట్ షిల్కా ఫిరంగులు కాచుకుని ఉన్నాయి.

ఇప్పుడు వాటికి మళ్లీ పని తెచ్చినవి చవక డ్రోన్లు. కోట్ల రూపాయల క్షిపణిని ఒక్కో డ్రోన్‌పై వదలడం పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. పైగా బ్రహ్మాస్త్రాలు కొన్నే ఉంటాయి, పిచ్చుకలు వందల్లో వస్తాయి. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రోన్ 4 సెకన్లలో కదిలేది 200 మీటర్లే కాబట్టి, నిమిషానికి సుమారు 300 గుండ్లు కాల్చే ఎల్-70కి అది అందుతుంది. 2025 మే నెలలో పాకిస్తాన్ డ్రోన్లను కూల్చడానికి మన సైన్యం ఎల్-70, షిల్కా ఫిరంగులను వాడింది. స్వీడన్ కంపెనీ బోఫోర్స్ దశాబ్దాల కిందట రూపొందించిన ఎల్-70కి కొత్త కెమెరాలు, లక్ష్యాన్ని తానే వెంబడించే యంత్రాంగం అమర్చారు. పాత గొట్టానికి కొత్త కన్ను పెట్టడం పొదుపు మాత్రమే కాదు, తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇక లేజర్ సంగతి. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపింది. అదే ఏడాది ఆగస్టు 23న ఒడిశా తీరంలో క్షిపణులతో కలిపి లేజర్‌ను పరీక్షించింది. కాంతికి ప్రయాణ సమయం లెక్కలోకి రాదు గనుక 1870 నాటి చిక్కు ఇక్కడ తొలగుతుంది. కానీ ఒకేచోట కొన్ని సెకన్లపాటు కిరణాన్ని నిలిపితేనే లక్ష్యం కాలుతుంది, అంతవరకు రెండో డ్రోన్ వేచి ఉండదు. పొగమంచు, వాన, మీ తీరంలోని తేమగాలి కిరణాన్ని చెదరగొడతాయి. అందుకే గుంపులపై ప్రయోగించే చిన్న రాకెట్ల భార్గవాస్త్రాన్నీ సిద్ధం చేస్తున్నారు. దాని పరీక్ష 2025 మేలో మీ గోపాల్‌పూర్‌లోనే జరిగింది.

కాబట్టి నాకు కనిపించినంత దూరంలో ఫిరంగి పోదు. లక్ష్యాన్ని గురిపెట్టడం వరకు సిమ్యులేటర్ మీద నేర్పవచ్చు గానీ, నిజమైన గుండు పేలినప్పటి అదురు, పొగ, గబగబా గుండ్లు నింపే పని కాల్పుల్లోనే అలవడతాయి. సాధన ఆగదు గనుక, కాల్పుల తేదీలు బాగా ముందుగా, ఒడియాతోపాటు తెలుగులోనూ మీ పల్లెకు అందేలా జిల్లా అధికారులను రాతపూర్వకంగా అడగండి. వేట పోయిన రోజు కూలి పోయిన రోజే.