గల్లా అరుణ కుమారి గారిలా వ్యాపారం, రాజకీయం రెండూ నడపడం సాధ్యమేనా?

సొంత యూనిట్ నడుపుతున్న మహిళ దాన్ని వదులుకోకుండా రాజకీయాల్లోకి వచ్చి, మాజీ మంత్రి గల్లా అరుణ కుమారి గారిలా రాష్ట్ర స్థాయికి వెళ్లగలదా అని అడిగారు. మాది చంద్రగిరి మండలం. ఇక్కడే ఇటుకల యూనిట్ నడుపుతూ ఒక టర్మ్ ఎంపీటీసీగా (మండల పరిషత్ సభ్యురాలిగా) పనిచేశాను. ఆవిడ గెలిచిన ఎన్నికలూ ఓడిన ఎన్నికలూ ఊళ్లో ఉండి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

వెళ్లొచ్చు. అయితే ఆవిడ ఎలా వెళ్లారో ముందు సరిగ్గా తెలుసుకోవాలి. "బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది, డబ్బుంది, మంత్రి అయింది" అని బయటివాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజం కాదు. ఆవిడ తండ్రి పాటూరి రాజగోపాల నాయుడు గారు స్వాతంత్ర్య సమరయోధుడు. 1977లో, 1980లో చిత్తూరు ఎంపీగా గెలిచారు. ఆ ఇంట్లో రాజకీయం ముందు, ఫ్యాక్టరీ తర్వాత. భర్త రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి వచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా బ్యాటరీల కంపెనీ పెట్టారు. కంపెనీ పేరు కూడా అత్తామామల పేర్ల మీదే: అమరావతి, రాజగోపాల్.

1989లో ఆవిడ కాంగ్రెస్ తరఫున చంద్రగిరిలో మొదటిసారి గెలిచేనాటికి కంపెనీకి నాలుగేళ్లు. ఆ కంపెనీకి పేరు తెచ్చిన అమరాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది 2000లో, అంటే ఆవిడ రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యాక. కంపెనీ పేరుతోనే గెలిచారంటే ఈ లెక్క ఎలా కుదురుతుంది?

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మధ్యలో వచ్చిన ఓటమి. 1994లో నారా రామమూర్తి నాయుడు గారి చేతిలో ఓడిపోయారు. చంద్రబాబు గారి సొంతూరు నారావారిపల్లె ఈ చంద్రగిరి మండలంలోనిదే. ఆయన తమ్ముడు ఎమ్మెల్యే, మరుసటి ఏడాదికి ఆయనే ముఖ్యమంత్రి. అలాంటి చోట ప్రతిపక్షంలో ఐదేళ్లు కూర్చోవడమంటే మాటలు కాదు. ఇంట్లో పరిశ్రమ ఉన్న మనిషి "మనకెందుకీ గొడవ" అని వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ వెళ్లలేదు. 1999లో రాష్ట్రమంతా మళ్లీ తెలుగుదేశం గెలిస్తే, చంద్రగిరిలో మాత్రం ఆవిడ కాంగ్రెస్ జెండా మీద గెలిచారు. తర్వాత 2004, 2009. ఆ 2009లో ప్రత్యర్థి రోజా గారు. సినిమా గ్లామర్ చూసి జనం ఎగబడ్డా గెలుపు మాత్రం అరుణమ్మదే. వై.ఎస్. హయాంలో రోడ్లు, భవనాల శాఖ, కిరణ్ కుమార్ రెడ్డి గారి మంత్రివర్గంలో గనుల శాఖ చూశారు. రాష్ట్ర విభజన సమయంలో, 2014లో తెలుగుదేశంలోకి మారి, చెవిరెడ్డి భాస్కర్ రెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. అప్పటికి కంపెనీ దేశమంతా తెలిసిన పేరు. డబ్బే గెలిపించేదైతే ఆ ఓటమి ఉండకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న. రెండూ ఎలా నడిపారు? ఆవిడ రెండూ నడపలేదు. కంపెనీని భర్త, తర్వాత కొడుకు జయదేవ్ గారు చూసుకున్నారు, ఆవిడ నియోజకవర్గం చూసుకున్నారు. నా దృష్టిలో ఆ కెరీర్ మొత్తానికీ ఈ పని పంపకమే ఆధారం. నేను ఎంపీటీసీ అయ్యాక అది ఎంత అవసరమో నాకు బాగా అర్థమైంది.

మా ఇంటి ముందు తెల్లారి ఆరింటికే ఎవరో ఒకరు ఉండేవారు. ఒకావిడ పింఛను ఆగిపోయిందని ఆధార్ జిరాక్సు పట్టుకుని వరండాలో కూర్చునేది. అదే టైముకి యూనిట్ నుంచి ఫోన్: మిక్సర్ ఆగిపోయింది, కూలీలు ఖాళీగా ఉన్నారు, లోడు కోసం ట్రాక్టరు వచ్చి నిలబడి ఉంది, ఏం చేయమంటారు అని. ఆ ఫోన్ తీస్తే పెద్దావిడ మొహం మాడిపోతుంది. తీయకపోతే ఆ రోజు కూలీ డబ్బులు నా నెత్తిన. మా ఆయన తన ఉద్యోగం మానేసి యూనిట్ బాధ్యత తీసుకున్నాకే నాకు ఊపిరాడింది. మీ ఇంట్లో ఆ మనిషి ఎవరో ముందు తేల్చుకోండి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది: బాకీలు. గెలిచిన రోజు నుంచి అప్పు మీద ఇటుకలు తీసుకున్న ప్రతివాడూ ఓటరే. గట్టిగా అడిగితే "గెలిచాక కళ్లు నెత్తికెక్కాయి" అంటారు. అడగకపోతే బ్యాంకు వాయిదా ఆగదు. నామినేషన్ వేయకముందే పాత బాకీలు వసూలు చేసుకుని, కొత్తగా అప్పు ఇవ్వడం ఆపేయండి. వసూళ్లు మీ నోటి నుంచి కాకుండా వేరే మనిషి చేతి మీదుగా జరగాలి.

రూల్స్ సంగతి కూడా చెప్తాను. ఎమ్మెల్యే స్థాయికి వెళ్లాలంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 9ఎ సెక్షన్ చదవండి. రాష్ట్ర ప్రభుత్వానికి సరుకు సప్లై చేసే కాంట్రాక్టు గానీ, పనుల కాంట్రాక్టు గానీ మీ పేరు మీద నడుస్తుంటే ఎమ్మెల్యే పదవికి అనర్హులవుతారు. మీ వైపు పని మొత్తం అయిపోయి, ప్రభుత్వం నుంచి బిల్లు రావాల్సి ఉంటే మాత్రం అడ్డు కాదు. మంత్రి అయితే ప్రవర్తనా నియమావళి ఇంకా గట్టిది. వాటాలు ఉంచుకోవచ్చు గానీ వ్యాపార నిర్వహణ నుంచి తప్పుకోవాలి. ప్రభుత్వానికి సప్లై చేసే వ్యాపారమైతే యాజమాన్యం కూడా వదులుకోవాలి, దాన్ని భర్త పేరు మీదకి మార్చినా కుదరదు. అఫిడవిట్‌లో మీ ఆస్తులతో పాటు భర్తవి, మీ మీద ఆధారపడినవాళ్లవి, ఐదేళ్ల ఆదాయ వివరాలు అన్నీ రాయాలి. ఆడిటర్‌తో కూర్చుని తయారుచేయించుకోండి, లాయరు ఒక్కరే చాలరు.

భయపెట్టడానికి కాదు గానీ, అధికారం మారినప్పుడు వ్యాపారం మీద ఏం జరిగినా దానికి రాజకీయ రంగు పడుతుంది. 2021లో అమర రాజా యూనిట్లను మూసేయాలని కాలుష్య నియంత్రణ మండలి ఆదేశాలిచ్చింది. హైకోర్టు వాటిని నిలిపేసింది. సీసం కాలుష్యం సంగతి అని ఒక పక్క, రాజకీయ కక్ష అని ఇంకో పక్క ఇక్కడ చాలా రోజులు వాదించుకున్నారు. జయదేవ్ గారు రెండుసార్లు గుంటూరు ఎంపీగా గెలిచి కూడా 2024 జనవరిలో క్రియాశీల రాజకీయాలకు దూరంగా ఉంటానని ప్రకటించారు. అంత పెద్ద కుటుంబానికే అలా ఉంటే, మనలాంటి చిన్న యూనిట్లకు లైసెన్సులు, కరెంటు, కాలుష్య అనుమతులు అన్నీ పక్కాగా ఉండాల్సిందే. ఒక్క కాగితం తక్కువైనా దొరికిపోతాం.

నేరుగా ఎమ్మెల్యే టికెట్ కోసం తిరగొద్దనేది నా సలహా. స్థానిక సంస్థల్లో మనకు సగం సీట్లు రిజర్వేషన్ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. రిజర్వేషన్ రొటేషన్‌లో మీ సీటు ఈసారి ఎవరికి వస్తుందో చూసుకుని, ఏడాది ముందు నుంచే ఊళ్లో తిరగండి.

మీ యూనిట్ దేనిది, ప్రభుత్వానికి సరుకు ఏమైనా వెళ్తోందా అన్నది మీరు రాయలేదు. అది చెప్తే లెక్కల్లో ముందు ఏం సర్దుకోవాలో ఇంకా వివరంగా రాస్తాను.