పెద్ద గుంటలు చిన్నోళ్లని ఏడిపిస్తుంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. కేసుల్లో ఇరుక్కున్న మైనర్లుండే అబ్జర్వేషన్ హోమ్‌కి వారానికి రెండ్రోజులు చదువు చెప్పడానికెళ్తున్నాను. పెద్ద గుంటలు చిన్నోళ్ల టిఫిన్ లాక్కుంటారు, బట్టలు ఉతికిస్తారు. కేకలేస్తే ఓ పూట ఆగుతారంతే. ఏటి సెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, కేకలు నువ్వు గేటు దాటేదాకే పనిచేస్తాయి, ఆ తర్వాత వాడ్ని వాడే ఆపుకోవాలి కదా, అందుకే సెల్ఫ్ మేనేజ్‌మెంట్ నేర్పమంటారు. ఒక్కొక్కడికీ ఓ చిన్న నోట్‌బుక్ ఇవ్వు. "మంచిగా ఉంటాను" అని రాయిస్తే లాభం లేదు, "ఉప్మా లైన్లో ఎవర్నీ తొయ్యను" లాంటి ఒకే ఒక్క లక్ష్యం రాయించు, రాత్రి పడుకునే ముందు వాడే టిక్కో ఇంటూనో పెట్టుకోవాలి, వార్డెన్ గారు పెట్టిన టిక్‌తో అది కలిస్తే క్యారమ్స్‌లో మొదటి ఛాన్స్ వాడిదే. ఇంటూ పెట్టాడని మాత్రం తిట్టకు, నిజం రాశాడు కదా, అదే పెద్ద మెట్టు నా దృష్టిలో.

కోపం ముందు ఒంట్లోనే తెలుస్తుంది, చెవులు వేడెక్కడం, పిడికిలి బిగుసుకోవడం. అది గుర్తుపట్టి రెండడుగులు వెనక్కేసి పది లెక్కపెట్టడం గొడవ లేనప్పుడే నాటకంలా ఆడించి ప్రాక్టీస్ చేయించు, గొడవలో చెప్తే ఎవడికెక్కుతుంది?

దెబ్బలు తినే గుంటడికి మాత్రం ఓర్చుకోమని చెప్పకు, వాడ్ని కాపాడాల్సింది సిబ్బందే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వయసుని బట్టి పిల్లల్ని వేరుగా ఉంచమంటోంది. అది జరగకపోతే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వు, కదలిక లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.